నిప్పుల మీద పండు.. నోట్లో పండగ

వీకెండ్‌కి టెర్రస్ మీద బార్బెక్యూ అంటే కథ దాదాపు ఒకేలా నడుస్తుంది. సాయంత్రం ఆరున్నరకి బొగ్గులు రాజేయడం మొదలుపెడతాం. ఏడున్నరకి అవి అంటుకుంటాయి. ఎనిమిదికి చికెన్, ఎనిమిదిన్నరకి పనీర్, తొమ్మిదింటికి మళ్లీ చికెన్. తొమ్మిదిన్నరకల్లా ప్లేట్లు ఖాళీ, కడుపులు ఫుల్. సరిగ్గా అప్పుడే గ్రిల్‌లో బొగ్గులు అసలు రంగులోకి వస్తాయి. పొగ ఉండదు, మంట ఉండదు. పైన తెల్లటి బూడిద పొర, లోపల కణకణలాడే ఎరుపు. వంటకి అంతకన్నా మంచి నిప్పు దొరకదు. కానీ ఆ టైమ్‌కి అందరూ ఫోన్లు తీసి ఐస్‌క్రీమ్ ఆర్డర్ పెట్టే పనిలో ఉంటారు.

ఆ మిగిలిన నిప్పుకి చక్కటి పని ఒకటి ఉంది. పండ్లు కాల్చడం!

'పండ్లని కాల్చడమేంటి? హాయిగా కోసుకుని తినక?' అని చాలామంది అంటారు. బార్బెక్యూ రెస్టారెంట్లలో పుల్లకి గుచ్చి తెచ్చే అనాస ముక్క రుచి చూసినవాళ్లు మాత్రం ఆ మాట అనరు. అంచులు కాస్త మాడి, మీద కారం-ఉప్పు చల్లి, కొరికితే వేడివేడి రసం కారే ఆ ముక్క కోసమే వెళ్లేవాళ్లు మా ఆఫీసులో ముగ్గురున్నారు. అదే ముక్కని ఇంటి దగ్గర ఇంకా బాగా చేసుకోవచ్చు. అనాస ఒక్కటే కాదు, అరటి, మామిడి, బొప్పాయి, చివరికి పుచ్చకాయ కూడా. కాకపోతే ఏ పండుకి ఎంత వేడి, ఎంత సేపు అన్న లెక్క తెలియాలి. ఆ లెక్క తెలిస్తే పండు డెజర్ట్ అవుతుంది. తెలియకపోతే ముద్దయి నిప్పుల్లో పడుతుంది.

మనకి మరీ కొత్తేం కాదు

'గ్రిల్డ్ ఫ్రూట్' అనగానే ఫారిన్ వ్యవహారం అనిపిస్తుంది గానీ, కాల్చుకు తినడం మన ఊళ్లకి తెలియని విద్యేం కాదు. గోదావరి జిల్లాల్లో, ఉత్తరాంధ్రలో తాటిపండుని నిప్పుల్లో పడేసి, తొక్క నల్లబడ్డాక ఒలిచి, పీచు చీకుతూ తింటారు. ఒళ్లంతా పసుపురంగు పూసుకోకుండా తాటిపండు తిన్న పిల్లాడు లేడు. చలికాలంలో తేగలు కాలుస్తారు. వానాకాలంలో రోడ్డు పక్కన మొక్కజొన్న పొత్తులు కాలుతుంటాయి. వెలగపండు కాల్చి పచ్చడి నూరతారు. పచ్చి మామిడికాయని నిప్పుల మీద కాల్చి, గుజ్జు పిసికి, బెల్లం కలిపి వేసవిలో పానకంలా తాగే అలవాటు దేశంలో చాలా చోట్ల ఉంది.

బయటి దేశాల్లోనూ ఇది పాత అలవాటే. బ్రెజిల్‌లో మాంసం కాల్చి వడ్డించే హోటళ్లలో పొడవాటి ఊచకి అనాసకాయని గుచ్చి, చక్కెర, దాల్చినచెక్క పొడి రుద్ది, నిప్పుల ముందు తిప్పుతూ కాలుస్తారు. టేబుల్ దగ్గరికి తెచ్చి పల్చగా కోసి ప్లేట్లో వేస్తారు. మెక్సికోలో 'అల్ పాస్తోర్' టాకోల కోసం మాంసం కాల్చే ఊచ మీద చాలాచోట్ల అనాసని కిరీటంలా పెడతారు. ఆ వంటకానికి మూలం, లెబనాన్ నుంచి వలస వెళ్లినవాళ్లు అక్కడికి తీసుకెళ్లిన షవర్మా పద్ధతి. ఇక ఇండొనేషియాలోని మకస్సర్ నగరంలో 'పిసాంగ్ ఎపె' ఫేమస్. అరటిపండుని కాల్చి, చెక్కల మధ్య అదిమి, పైన తాటిజాతి బెల్లం పాకం పోస్తారు. అరటిపండు మనదే, తాటిబెల్లం మనదే. ఆ రెండూ మన ఊళ్లో ఒక ప్లేట్లో ఎందుకు కలవలేదో మరి!

అమెరికాలో వేసవి అంటేనే గ్రిల్ సీజన్. మే నెల చివరి సోమవారం వచ్చే మెమోరియల్ డే నుంచి, సెప్టెంబర్ మొదటి సోమవారం లేబర్ డే దాకా పెరళ్లలో, పార్కుల్లో పొగ లేస్తూనే ఉంటుంది. అక్కడి పెరళ్లలో కనిపించే గుండ్రటి మూత గ్రిల్‌కి ఓ సరదా కథ ఉంది. 1952లో షికాగో దగ్గర వెబర్ బ్రదర్స్ అనే లోహపు పనుల కంపెనీలో పనిచేసే జార్జ్ స్టీఫెన్, నీళ్లలో తేలే బోయాల కోసం తయారుచేసే గుండ్రటి లోహపు డొప్పల్ని చూసి ఆ డిజైన్ చేశాడు. కింద ఒక డొప్ప, పైన మూతగా ఇంకో డొప్ప. అంతే! ఆ గ్రిల్ మీద అక్కడివాళ్లు భోజనం చివర్లో కాల్చేది ఎక్కువగా పీచ్ పండ్లు. డాలస్‌లోనో అట్లాంటాలోనో ఉండి ఇది చదువుతున్నవాళ్లుంటే, మీ దగ్గర మామిడి కన్నా పీచే తేలిగ్గా, తాజాగా దొరుకుతుంది. దాని సంగతి కూడా కింద చెప్తాను.

నిప్పు ఏం చేస్తుంది?

పండులో ఎక్కువ భాగం నీళ్లే. పుచ్చకాయలో 91 శాతం పైనే, అనాసలో 86, మామిడిలో 83, అరటిపండులో 75 శాతం దాకా ఉంటాయి. నీళ్లు 100 డిగ్రీల సెంటీగ్రేడ్ దగ్గర మరుగుతాయి. అంటే ముక్క పైభాగం తడిగా ఉన్నంతసేపూ అక్కడి వేడి ఆ 100 దాటదు. పండు ఉడుకుతుందే తప్ప కాలదు.

పైన తడి ఆరిపోయాక అసలు కథ మొదలవుతుంది. పండులోని ఫ్రక్టోజ్ సుమారు 110 డిగ్రీల దగ్గర, గ్లూకోజ్, మామూలు చక్కెర సుమారు 160 డిగ్రీల దగ్గర విరిగి రంగు మారతాయి. దీన్నే క్యారమలైజేషన్ అంటారు. బెల్లం పాకం కాస్త ముదిరినప్పుడు వచ్చే వాసన గుర్తుందా? అదే. ఒక్క తీపి కాస్తా వగరు, చిరుచేదు, వెన్న వాసన, కాల్చిన గింజల వాసన.. ఇన్ని కలిసిన రుచి అవుతుంది. ఇంకాస్త ముందుకెళ్తే మిగిలేది బొగ్గే. గోధుమ రంగు రుచి, నల్ల రంగు చేదు. ఈ రెండింటి మధ్య దూరం ఒక్కోసారి అర నిమిషమే.

ఇంకో సంగతి. వేడిగా ఉన్నప్పుడు తీపి నాలుకకి ఎక్కువ తెలుస్తుంది. కరిగిపోయిన ఐస్‌క్రీమ్ గడ్డకట్టినదానికన్నా తియ్యగా అనిపించేది అందుకే. కాబట్టి కాస్త పులుపున్న అనాస కూడా గ్రిల్ దిగేసరికి తియ్యటి అనాస అయిపోయినట్టు ఉంటుంది. పులుపు ఎక్కడికీ పోలేదు, తీపి ముందుకొచ్చి నిలబడింది.

అనాసకి ఒక ప్రత్యేక లాభం కూడా ఉంది. పచ్చి అనాసలో బ్రొమెలైన్ అనే ఎంజైమ్ ఉంటుంది. ప్రొటీన్లని ముక్కలు చేయడం దాని పని. ఎక్కువ తింటే నాలుక చురచురలాడేది దాని వల్లే. పాలల్లో, పెరుగులో పచ్చి అనాస వేసి ఉంచితే కాసేపటికి చేదెక్కేదీ దాని వల్లే. వేడి తగిలితే ఆ ఎంజైమ్ పనిచేయడం మానేస్తుంది. అందుకే లోపలిదాకా బాగా వేడెక్కిన అనాస ముక్కని ఐస్‌క్రీమ్ మీద వేసుకున్నా, గడ్డపెరుగుతో తిన్నా ఆ చేదు భయం ఉండదు.

ముందు నిప్పు సంగతి

బొగ్గులు రాజేయడానికి కిరోసిన్, పెట్రోల్ జోలికి అస్సలు వెళ్లొద్దు. ప్రమాదం ఒకటి, ఆ వాసన పండుకి పట్టిందంటే వదలకపోవడం ఇంకొకటి. చికెన్ మసాలా ఆ వాసనని కొంత దాచేస్తుంది. పండు దాచలేదు. కొబ్బరి పీచు, ఎండు కొబ్బరి చిప్పలు చాలు. కర్పూరం బిళ్లలు వాడితే ఆ వాసన పూర్తిగా పోయేదాకా ఆగండి.

పండ్లకి మధ్యస్థంగా ఉండే వేడి కావాలి. దానికి థర్మామీటర్ అక్కర్లేదు. జాలీకి బెత్తెడు ఎత్తున అరచెయ్యి పెట్టి అంకెలు లెక్కపెట్టండి. రెండు అనేలోపే చెయ్యి లాగేసుకుంటే అది చికెన్ వేడి. నాలుగైదు దాకా ఆగగలిగితే అది పండ్ల వేడి. బొగ్గులన్నీ పరిచేయకుండా ఒక పక్కకి నెట్టండి. ఆ పక్కన రంగు వస్తుంది, ఈ పక్కన పండు నిదానంగా మగ్గుతుంది. మాడుతోంది అనిపిస్తే ఇటు జరిపేయొచ్చు.

జాలీ శుభ్రంగా ఉండాలి. వేడి మీదే వైర్ బ్రష్‌తో రుద్ది, బ్రష్ తీగ ముక్కలేమైనా అంటుకున్నాయేమో చూసి, మడిచిన తడి గుడ్డని పట్టుకారుతో పట్టుకుని తుడిచేయండి. నూనె జాలీకి కాదు, పండుకి రాయాలి. పల్చగా కరిగిన నెయ్యి అయితే మరీ మంచిది. వెదురు పుల్లలు వాడేటట్టయితే అరగంట ముందే నీళ్లలో నానబెట్టండి. లేదంటే ముక్క కంటే ముందు పుల్ల కాలిపోతుంది.

చివరి రూల్: చక్కెర, బెల్లం, తేనె.. ఏదైనా సరే, ఆఖరి నిమిషంలోనే పూయాలి. ముందే పూస్తే పండు కాలేలోపు పూత మాడిపోతుంది.

ఏ పండు, ఎంత సేపు?

అనాస: మొదటిసారి చేసేవాళ్లు దీంతోనే మొదలుపెట్టండి. గట్టిగా ఉంటుంది, జాలీకి అతుక్కోదు, కొంచెం ఎక్కువ సేపు ఉంచినా పాడవదు. సీతంపేట ఏజెన్సీ అనాసలు మార్కెట్లో కనిపిస్తే వదలొద్దు. చెక్కు తీసి, కళ్లు తొలగించి, చిటికెన వేలి మందంలో చక్రాల్లా గానీ, నిలువు ముక్కలుగా గానీ కోయండి. బట్టతో తడి ఒత్తి, నెయ్యి రాసి, ఒక్కో వైపు నాలుగైదు నిమిషాలు. చివరి నిమిషంలో చెంచాడు నీళ్లతో కరిగించిన బెల్లం పూసి, మిరియాల పొడి, చిటికెడు ఉప్పు చల్లండి. కారం ఇష్టమైతే మిరియాల బదులు ఎండుకారం, పైన నిమ్మకాయ.

అరటి: తొక్క తీయకుండా చేస్తేనే మజా. పండు గట్టిగా ఉండాలి. పసుపు తిరిగి, కొసల్లో కాస్త ఆకుపచ్చ మిగిలి ఉన్నది సరిగ్గా సరిపోతుంది. బాగా మగ్గి మచ్చలొచ్చిన చక్కెరకేళిని గ్రిల్ మీద పెట్టకండి, అది పాపం ఆ వేడికి తట్టుకోలేదు. తొక్కతో సహా నిలువుగా రెండుగా చీల్చి, కోసిన వైపు నెయ్యి రాసి, ఆ వైపు కిందకి పెట్టి రెండు నిమిషాలు. చారలు పడ్డాక తిప్పి, తొక్క వైపు మూడు నాలుగు నిమిషాలు. తొక్క నల్లబడి, అంచులు పండుని వదిలేస్తాయి. తొక్కే ప్లేటు! తాటిబెల్లం పాకం, యాలకుల పొడి, నాలుగు వేయించిన జీడిపప్పు ముక్కలు వేసి చెంచాతో తినేయడమే. కేరళ నేంద్రం పండు దొరికితే ఇంకా బాగుంటుంది.

మామిడి: ఇక్కడ గొడవలవుతాయి. మామిడిపండుని కాల్చడమేంటని మా ఇంట్లోనే ఒప్పుకోరు. వాళ్ల మాటలో సగం నిజముంది. రసాలని గ్రిల్ దగ్గరికి తీసుకురావద్దు. నూజివీడు చిన్నరసం ఉన్నది పిసికి, ముచ్చిక తీసి జుర్రుకోవడానికి. బంగినపల్లి కూడా పూర్తిగా పండిందైతే అలాగే కోసుకుని తినండి, 2017లో జీఐ ట్యాగ్ వచ్చిన పండుకి ఆ మాత్రం మర్యాద ఇవ్వాలి. నిప్పు అవసరమయ్యేది ఇంకో రకానికి. పైకి పసుపు తిరిగినా లోపల తీపి ఇంకా ఎక్కని, టెంక దగ్గర పుల్లగా ఉండే పండు ప్రతి పెట్టెలోనూ రెండు మూడు ఉంటాయి కదా, అవి. గట్టి కండ ఉండే తోతాపురి కూడా బాగా పనికొస్తుంది. టెంకకి రెండు వైపులా చెంపలు కోసి, గుజ్జు మీద కత్తితో గళ్లు గీయండి, తొక్క తెగకూడదు. గుజ్జు వైపు కిందకి పెట్టి రెండు మూడు నిమిషాలు చాలు. తొక్కని వెనక్కి వంచితే గళ్లు విచ్చుకుంటాయి. పైన వెనిలా ఐస్‌క్రీమ్ ఒక స్కూప్, లేదా ఉప్పు-కారం. రెండూ కరెక్టే.

కొనేటప్పుడు ఒక జాగ్రత్త. కాల్షియం కార్బైడ్‌తో పండ్లు మగ్గబెట్టడం మన దేశంలో నిషేధం. ఎథిలీన్ వాయువుని పరిమితికి లోబడి వాడొచ్చు. అన్ని పండ్లూ అచ్చం ఒకే పసుపు రంగులో మెరుస్తూ, ముక్కు దగ్గర పెట్టుకుంటే ఏ వాసనా రాకపోతే అనుమానించండి. కాల్చినా కడిగినా అలాంటి పండు మంచిది కాదు.

బొప్పాయి: దోరగా ఉన్నదే కావాలి. బొటనవేలి మందం ముక్కలు, ఒక్కో వైపు మూడు నిమిషాలు. దింపాక నిమ్మరసం పిండితే, బొప్పాయి వాసన నచ్చనివాళ్లు కూడా ఇంకో ముక్క అడుగుతారు.

పుచ్చకాయ: అన్నిటికన్నా మొండిది. నీళ్లు ఎక్కువ, చక్కెర తక్కువ. కాబట్టి రంగు రావడం కష్టం. అంగుళం మందంలో కోసి, రెండు వైపులా ఉప్పు చల్లి, పదిహేను నిమిషాలు పక్కన పెట్టి, ఊరిన నీళ్లని బట్టతో అద్దేయండి. దీనికి మాత్రం పెద్ద వేడి కావాలి. కాబట్టి చికెన్ కంటే ముందే, నిప్పు జోరు మీద ఉన్నప్పుడే కాల్చి పక్కన పెట్టేయండి. ఒక్కో వైపు రెండు నిమిషాలు. పొగవాసనతో ఉప్పుప్పగా, తియ్యతియ్యగా ఉంటుంది. పైన పుదీనా తుంచి వేయండి.

పీచ్: అమెరికాలో ఉన్నవాళ్ల కోసం. గింజ తేలిగ్గా వదిలే 'ఫ్రీస్టోన్' రకం అడిగి కొనండి. సగానికి కోసి, గింజ తీసి, కోసిన వైపు కిందకి పెట్టి నాలుగైదు నిమిషాలు. గింజ ఉన్న గుంటలో చెంచాడు తేనె, దంచిన బాదం. అంతే.

వద్దన్నవి: తాటిముంజలు, ద్రాక్ష, బాగా పండిన సపోటా. ముంజె గొప్పతనం దాని చల్లదనంలోనే ఉంది. దాన్ని నిప్పుల మీద పెట్టడం అన్యాయం.

గ్రిల్ లేదా? ఏం పర్లేదు

పీజీలో ఉండేవాళ్లకి టెర్రస్ తాళం కూడా ఇవ్వరు, ఇక గ్రిల్ ఎక్కడ? దోసెలు పోసే ఇనప పెనం ఉంటే చాలు. బాగా కాలనిచ్చి, నెయ్యి రాసిన అనాస ముక్కలు పరిచి, కదపకుండా మూడు నాలుగు నిమిషాలు వదిలేయండి. 'కదపకుండా' అన్నది ముఖ్యం. నిమిషానికోసారి తిప్పి చూస్తే తడి ఆరదు, రంగు రాదు. పొగవాసన ఉండదు గానీ, మిగతా రుచంతా వచ్చేస్తుంది. నాన్‌స్టిక్ పెనాన్ని మాత్రం ఖాళీగా అంత వేడి చేయొద్దు.

బాల్కనీలో వద్దు

ఇది కొంచెం సీరియస్‌గా చదవండి. బొగ్గు మండేటప్పుడు కార్బన్ మోనాక్సైడ్ వస్తుంది. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మగత, వాంతి వచ్చినట్టుండటం.. ఇలా మొదలై ప్రాణం మీదికి వస్తుంది. మంట ఆరిపోయి బొగ్గులు మిణుకుమిణుకుమంటున్నప్పుడూ అది వస్తూనే ఉంటుంది. అందుకే గదిలో, అద్దాలు మూసిన బాల్కనీలో, మెట్ల దగ్గర బొగ్గుల గ్రిల్ పెట్టకూడదు. పైన ఆకాశం కనిపించే చోటే పెట్టాలి.

మన వేసవికి ఒక అలవాటుంది. ఏప్రిల్, మే నెలల్లో అప్పటిదాకా ఉక్కపోసి, ఒక్కసారిగా గాలివాన వచ్చేస్తుంది. అప్పుడు అందరికీ వచ్చే మొదటి ఆలోచన 'గ్రిల్ లోపలికి తెచ్చేద్దాం' అని. తేవద్దు. తడిస్తే తడవనివ్వండి. పోయేది పది ముక్కల అనాస. ఫుడ్ డెలివరీ యాప్ ఎలాగూ ఉంది.

ఇంకో రెండు మాటలు. కాలిన పండు రసం మామూలు వేడినీళ్లలా జారిపోదు, చర్మానికి అతుక్కుంటుంది. దింపాక రెండు నిమిషాలు ఆగండి, పిల్లలకైతే ఇంకాసేపు. బూడిదలో నిప్పు మర్నాటిదాకా కూడా దాక్కుని ఉంటుంది. నీళ్లు పోసి, కలిపి, మళ్లీ పోసి, పూర్తిగా చల్లారాకే పారేయండి. ప్లాస్టిక్ డస్ట్‌బిన్‌లో బూడిద ఎత్తిపోయడం అగ్గిపుల్ల గీసి పడేసినట్టే.

షుగర్ ఉన్నవాళ్ల మాట

'పండే కదా, ఎంత తిన్నా పర్లేదు' అన్నది నిజం కాదు. 100 గ్రాముల మామిడిలో 13-14 గ్రాములు, అరటిలో 12, అనాసలో 10, పుచ్చకాయలో 6 గ్రాముల దాకా చక్కెరలు ఉంటాయి. కాల్చినంత మాత్రాన అవి తగ్గవు. పైగా నీళ్లు ఆవిరైపోతాయి కాబట్టి అదే బరువు ముక్కలో చక్కెర ఇంకొంచెం ఎక్కువే ఉంటుంది. దాని మీద బెల్లం పూత అదనం. మన ఇళ్లల్లో షుగర్ ఉన్న అమ్మానాన్నలు ఎంతమందో మనకి తెలుసు. వాళ్ల ముక్కకి బెల్లం మానేసి దాల్చినచెక్క పొడి, మిరియాలు, నిమ్మరసం వేయండి. నిప్పు వల్ల వచ్చిన రుచి సరిపోతుంది. ఎంత తినొచ్చన్నది మాత్రం వాళ్ల డాక్టర్ చెప్పిన లెక్కే.

పక్కన ఇంకో జాలీ

పండ్ల బార్బెక్యూలో నాకు అన్నిటికన్నా ముఖ్యం అనిపించేది రుచి కాదు. పోయిన వేసవిలో మా కొలీగ్ వాళ్ల టెర్రస్ మీద పదిహేను మందిమి చేరాం. అమలాపురం నుంచి వాళ్లమ్మగారు వచ్చి ఉన్నారు. ఆవిడ మాంసం ముట్టరు. వాటర్ ట్యాంక్ పక్కన ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని, అందరినీ చూసి నవ్వుతూ, రెండు గంటలు చిప్స్‌తో గడిపేశారు. చివర్లో వాడు అనాస ముక్కలు తీసుకెళ్లి ఇస్తే, "అదే జాలీ మీద కాల్చారా నాన్నా?" అని అడిగారు. వాడు అబద్ధం చెప్పలేదు. "అయితే వద్దులే, మీరు తినండి" అన్నారు. కోపం లేదు, అలక లేదు. ఆ మాట అంత నెమ్మదిగా అన్నారు కాబట్టే చాలామందికి వినిపించలేదు కూడా.

వాడు కిందకి పరిగెత్తి, వంటింట్లోంచి పుల్కాలు కాల్చే జాలీ, పూజ సామాన్ల దగ్గరున్న కొత్త మట్టి మూకుడు పట్టుకొచ్చాడు. రెండు ఇటుకల మధ్య మూకుడు, అందులో ఇంకా వాడని బొగ్గులు, ఇటుకల మీద జాలీ. ఐదు నిమిషాల పని. కొబ్బరి పీచుతో నిప్పు రాజేసేసరికి ఆంటీయే కుర్చీ ముందుకి జరుపుకున్నారు. "అలా కాదర్రా, నిప్పుని అంత విసరకూడదు" అంటూ విసనకర్ర లాక్కున్నారు. చిన్నప్పుడు తాటిపండ్లు కాల్చిన చెయ్యి మరి! ఆవిడ కాల్చిన అరటిపండ్లకి చారలు మా వాటికన్నా సమంగా పడ్డాయి. చికెన్ గ్రిల్ చుట్టూ ఉన్న పదిమందీ నెమ్మదిగా ఈ మూకుడు చుట్టూ చేరారు.

మన ఏ గ్యాంగ్‌లో చూసినా ఇలాంటివాళ్లు ఇద్దరు ముగ్గురు ఉంటారు. పుట్టుకతో శాకాహారులు, శనివారం నీచు ముట్టనివాళ్లు, మొక్కు ఉన్నవాళ్లు. వాళ్లు ఏమీ అడగరు. 'తిన్నావా?' అంటే 'తిన్నా' అంటారు. చికెన్ జాలీ మీదే ఒక మూల పనీర్ పెట్టి 'వెజ్ కూడా ఉందిగా' అనేస్తాం మనం. చిన్న జాలీ ఒకటి విడిగా పెడితే ఖర్చు వంద రెండొందలు దాటదు. పట్టుకారు, బ్రష్, ప్లేటు కూడా విడిగా ఉంటే వాళ్లు నిశ్చింతగా తింటారు. నిప్పు చుట్టూ చేరినవాళ్లందరూ ఒకే పళ్లెంలోంచి తీసుకోగలిగేది ఆ రాత్రి పండు ఒక్కటే.

ఈ శనివారం లిస్టులో రాసుకోండి: అనాసకాయలు రెండు, గట్టి అరటిపండ్లు డజను, తాటిబెల్లం పావుకిలో, నిమ్మకాయలు నాలుగు. ఇంకో జాలీ.